బిడ్డ భాషను నేర్చుకొనే బడి

(వసంత పంచమి సందర్భంగా బాసర క్షేత్రంలో తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వ్యాస మహర్షి ప్రతిదినం గోదావరిలో స్నానమాడి, మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి, ఆ సైకతంతోనే ముగ్గురమ్మల మూర్తులను తీర్చిదిద్దాడని ఈ క్షేత్ర పురాణం చెబుతున్నది. ఆయన పేరు మీదనే ఈ ఊరు వ్యాసపురి అయి, వాసర అయి, బాసర అయినదని పెద్దలంటారు. వేదాలను విభజించిన మహానుభావునికి ఒక్క దినంలో విగ్రహం చేయడం అసాధ్యమా? అయినా దినానికి మూడు పిడికిళ్లే తెచ్చాడు. విద్యాదేవతకు రూపం ఇవ్వడానికి తొందర పనికిరాదని, ఓపిక కావాలని ఆ కథ మనకు నేర్పుతున్నది. ఈ దినం మీతో మనవి చేయదలచిన విషయం ఆ ఓపికను గురించే.

అక్షరాభ్యాసం జరిగే మండపాన్ని మీరందరూ చూసినవారే. తండ్రి ఒడిలో బిడ్డ, ఎదుట పలక, పళ్లెంలో బియ్యం. కొందరు పిల్లలు బుద్ధిగా వేలు కదుపుతారు. కొందరు గుక్కపట్టి ఏడుస్తారు, చేయి లాక్కుంటారు, బియ్యాన్ని చెదరగొడతారు. అంత జనసమ్మర్దంలో, మంత్రాల హోరులో, తెలియని ముఖాల మధ్య పసివాడు బెదిరినాడని అందరికీ తెలుసు. కనుక తల్లి వీపు నిమురుతుంది, పూజారి క్షణం ఆగుతారు, బిడ్డ తెప్పరిల్లిన పిదప చేయి కలిపి ‘ఓం’ దిద్దిస్తారు. ‘ఈ బిడ్డ అవిధేయుడు, వీనికి విద్య అబ్బదు’ అని ఇక్కడ ఎవ్వరూ అనరు. మరి అదే బిడ్డ, అదే బెదురుతో, మూడేళ్ల తరువాత తరగతి గదిలో చెవులు మూసుకొని కేకవేస్తే, ఇక్కడ చూపిన దయ అక్కడ ఏమవుతున్నది?

అందరు పిల్లలకూ ఆ బెదురు వయసుతో పోదు. కొందరి మెదడు పుట్టుకతోనే భిన్నమైన తీరులో పనిచేస్తుంది. ఆటిజం ఉన్న బిడ్డకు శబ్దం, వెలుతురు, స్పర్శ మనకంటే ఎన్నో రెట్లు తీవ్రంగా తాకవచ్చు. ఎదుటివారి మాటలోని సూచన, ముఖంలోని భావం వెంటనే అందకపోవచ్చు. మాటలు ఆలస్యంగా రావచ్చు, లేదా రాకపోవచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు ఒకచోట కూర్చోవడం, ఒకే పనిపై మనసు నిలపడం, తోచిన వెంటనే చేయకుండా ఆగడం కష్టం. డిస్‌లెక్సియా ఉన్న బిడ్డకు తెలివితేటలున్నా అక్షరాలు, వాటి ధ్వనులు చప్పున జతకూడవు. ఇటువంటి తేడాలన్నింటినీ మానవజాతిలోని సహజ వైవిధ్యంగా చూడాలనే భావన 1990వ దశకంలో బలపడింది. దానినే న్యూరోడైవర్సిటీ అంటున్నారు. మన మాటలో మెదడు తీరుల వైవిధ్యం.

నిర్మల్ బొమ్మల పనివారిని అడగండి. బొమ్మకు వారు తీసుకొనేది మెత్తని, తేలికైన పొనికి కర్ర. ఇంటి దూలానికి, తలుపుకు టేకు. పొనికి టేకువలె బరువు మోయలేదని ఏ పనివాడూ దానిని నిందించడు. దాని గుణమెరిగి ఉలి పెడతాడు. కర్రకే ఇన్ని గుణాలున్నప్పుడు, భగవంతుడు చేసిన మనసులకు ఉండవా?

ఇప్పుడొక తరగతి గదిని ఊహించుకోండి. నలభై మంది పిల్లలు, కిర్రుమనే పంఖా, పక్క గదిలో బిగ్గరగా వల్లెవేసే ఎక్కాలు, వంటశాల నుండి పోపు వాసన. ఎనిమిదేళ్ల బాలుడొకడు ఉదయం నుండి వాటన్నింటినీ ఓర్చుకుంటున్నాడు. మూడవ గంట తెలుగు పాఠమని వానికి తెలుసు. ఆ దినం తెలుగు అయ్యవారు సెలవు, లెక్కల అయ్యవారు వచ్చారు. అంతవరకు కష్టంగా నిలిచిన కట్ట అక్కడ తెగింది. బాలుడు చెవులు మూసుకున్నాడు, పుస్తకం విసిరాడు, బయటికి పరుగెత్తాడు. చూచినవారికి కనబడింది పుస్తకం విసరడమే. దానికి ముందు రెండు గంటలపాటు ఆ పసివాడు పడిన యాతన ఎవరికీ కనబడలేదు.

మారాము వేరు, తట్టుకోలేక కూలిపోవడం వేరు. మారాము చేసే బిడ్డ ఓరకంట మనలను గమనిస్తుంటాడు. కోరినది అందగానే ఊరుకుంటాడు. కూలిపోయిన బిడ్డకు ఎవరు చూస్తున్నారో తెలియదు, కోరినదిచ్చినా ఆగలేడు, ఆగిన పిదప అలసి సొమ్మసిల్లుతాడు. మొదటిది ఒక కోరిక. రెండవది ఒక ఆపద. ఆపదలో ఉన్నవానిని శిక్షించడం ఏ ధర్మశాస్త్రానికీ సమ్మతం కాదు.

అయినా మనకు తెలిసిన మార్గం అదుపు చేయడమే. పూర్వం వీధిబడులలో కోదండం వేసేవారు, గుంజీలు తీయించేవారు, గోడకుర్చీ వేయించేవారు. ఇప్పుడు బెత్తం చాటుకు వెళ్లింది కాని, మొత్తం పోలేదు. దాని స్థానంలో కొన్నిచోట్ల మెత్తని పద్ధతి వచ్చింది: కదలకుండా కూర్చుంటే చాక్లెట్, కదిలితే ఆట బంద్, మంచి పిల్లల పేర్లకు నక్షత్రాలు, తక్కినవారి పేర్లు నల్లబల్లపై. బెత్తంకంటె ఇది మేలే, సందేహం లేదు. కాని రెండింటి వెనుక ఉన్న భావన ఒక్కటే: బిడ్డ చేయగలడు, కాని చేయడం లేదు, కనుక భయమో ఆశో చూపితే చేస్తాడు అని. చేయలేని పనికి ఎంత బహుమతి పెట్టినా ఏమి ఫలం? కుంటి కాలివానికి కొండపైన బంగారం ఉందని చెప్పినంత మాత్రాన కాలు బాగుపడదు. ఆశపడి, ఓడిపోయి, తనను తానే అసహ్యించుకోవడం నేర్చుకుంటాడు.

విదేశాలలోనూ ఈ దారి తొక్కి చూశారు. అమెరికాలో 1960వ దశకంలో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆటిజం ఉన్న పిల్లలకు చెప్పినట్లు చేస్తే తినుబండారం ఇచ్చి, చేయకపోతే గద్దించి, చెంపదెబ్బ కొట్టి, కొన్ని ప్రయోగాలలో విద్యుత్ ఘాతం కూడ ఇచ్చి ప్రవర్తన మార్చజూశారు. కాలక్రమంలో దెబ్బలు, ఘాతాలు చాలావరకు తొలగిపోయాయి. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం వంటి ఉపయోగకరమైన అంశాలు ఆ సంప్రదాయంలో ఉన్నవనీ ఒప్పుకోవాలి. అయితే అటువంటి శిక్షణ పొంది పెద్దవారైన ఆటిస్టిక్ వ్యక్తులే ముందుకు వచ్చి, తమ బాధ తగ్గలేదనీ, బాధను దాచుకోవడం మాత్రమే అలవడినదనీ, దినమంతా మామూలుగా కనబడేందుకు పడే ప్రయాసతో తాము కృశించిపోయామనీ చెప్పనారంభించారు. వారి మాట మనం వినాలి. మరొక ప్రమాదమూ ఉన్నది. పెద్దలు ఏది చెప్పినా తలవంచాలని మాత్రమే నేర్చిన బిడ్డ, చెడ్డవాడు చేయి వేసినప్పుడు ‘వద్దు’ అనడం ఎక్కడ నేర్చుకుంటాడు? బిడ్డ నోట ‘వద్దు’ అనే మాటను చంపివేసిన క్రమశిక్షణ వానికి రక్షణ కాజాలదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మీలో కొందరికి తోచవచ్చు. నిజమే, నేర్పవలసినది పసితనంలోనే నేర్పాలి. కాని మొక్కను వంచేవాడు దానిని విరవడు. నీరు పోస్తాడు, కట్టె ఆసరా పెడతాడు, ఎండ ఎటునుండి వస్తుందో చూస్తాడు. కరుణ అంటే వదిలివేయడమని పొరపడరాదు. బిడ్డ ఇతరులను కొట్టకూడదు. తనను తాను గాయపరచుకోకూడదు. తన శక్తి మేరకు చదవాలి. గమ్యం మారలేదు, దారి మారింది. ‘వీనిని ఎలా దారికి తేవాలి’ అనే ప్రశ్న స్థానంలో ‘వీనికి ఏది అడ్డు తగులుతున్నది’ అనే ప్రశ్న వస్తుంది.

మన సంప్రదాయానికి ఇది కొత్త కాదు. పంచతంత్రం ఎందుకు పుట్టిందో స్మరించండి. మహిలారోప్య నగరాన్ని ఏలిన అమరశక్తికి ముగ్గురు కుమారులు, ముగ్గురికీ చదువంటే గిట్టదు. వ్యాకరణానికే పన్నెండేండ్లు పట్టునని మంత్రులు లెక్కచెప్పారు. ఎనభై యేండ్ల విష్ణుశర్మ ఆ ముగ్గురినీ ఆరు నెలలలో నీతికోవిదులను చేస్తానన్నాడు. ఆయన బెత్తం పట్టలేదు. రాకుమారులకు ఎక్కని శాస్త్రాన్ని పక్కన పెట్టి, వారికి ఎక్కే కథగా దానిని మార్చాడు. శిష్యులను తన శాస్త్రానికి తగినట్లు కోయలేదు, శాస్త్రాన్ని శిష్యులకు తగినట్లు కుట్టాడు.

కథ సరే, నిజంగా జరిగిందా అంటారేమో. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే జరిగింది. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం నేలకొరిగిన పిదప, గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన సతీమణి బెట్టీ మార్లవాయి గ్రామంలో గోండుల నడుమనే నివసించారు. ఆనాడు సర్కారు వ్యవహారం ఉర్దూలో, అంగడి వ్యవహారం మరాఠీ, తెలుగులలో సాగేది. గోండు బిడ్డ ఇంట పలికేది గోండీ. తెలియని భాషలో అడిగిన ప్రశ్నకు మౌనంగా నిలిచిన బిడ్డను చూచి మందబుద్ధి అనుకోవడం ఎంత తేలిక! 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేయించారు. బిడ్డ భాష బడిలోకి వచ్చింది. బిడ్డలు చదువుకున్నారు, వారిలో నుండే పంతుళ్లు తయారయ్యారు.

అక్కడ మారినది పిల్లల మెదడు కాదు, బడి పలుకు. ఆటిజం ఉన్న బిడ్డ చెవులు మూసుకోవడం, చేతులు ఆడించడం, బల్లకింద దూరడం కూడ ఒక భాషే. ‘ఇక్కడ నాకు భరింపశక్యంగా లేదు’ అని, ‘ఇలా ఊగితే నాకు ఊరట’ అని, ‘తరువాత ఏమి జరుగుతుందో చెప్పండి’ అని ఆ భాషకు అర్థాలు. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పండితుడు 2012లో ఇంగ్లండులో ఇదే విషయాన్ని సిద్ధాంతంగా చెప్పారు: ఆటిస్టిక్ వ్యక్తికి మనం అర్థం కానంతగా, మనకూ వారు అర్థం కావడం లేదు, లోపం ఒక్కవైపునే లేదు. సరస్వతి వాగ్దేవత. నోటి పలుకు ఒక్కటే ఆమె సొత్తు అనుకోవడం ఆమెను కుదించడమే. పలుకు రాని బిడ్డ చేష్టలోని పలుకును వినగలగడం ఆమె ఉపాసనలో భాగమని నా విశ్వాసం.

ఇక ఉపాధ్యాయులకు కొన్ని మనవులు. నలభై మందికి ఒక్కరై చెప్పే మీ కష్టం తెలియనిది కాదు. మీపై భారం పెంచడానికి కాదు, తగ్గించడానికే ఈ మాటలు. ఒక బిడ్డ తరచు కలత చెందుతుంటే, ఆ కలతకు ముందు ఏమి జరిగిందో వారం దినాలు ఒక కాగితంపై వ్రాసి చూడండి. గంట మోతకా, గది మారినప్పుడా, పైకి చదవమన్నప్పుడా అన్నది తేలుతుంది. కారణం తెలిస్తే సగం పని అయినట్లే. పంఖాకు, తలుపుకు దూరంగా స్థానం ఇవ్వండి. దినచర్యను బొమ్మలతో గోడకు అంటించండి. మార్పు ఉంటే ముందుగా చెప్పండి. ఒకసారి ఒక్క పనే చెప్పండి. కూర్చోలేని బిడ్డకు హాజరు పట్టిక కార్యాలయంలో ఇచ్చిరమ్మని పని అప్పగించండి. నడక వానికి మందు. చదవలేని బిడ్డను అందరి ఎదుట చదవమనకండి. జవాబు నోటితో చెప్పించుకోండి. మాటలు రాని బిడ్డకు బొమ్మల కార్డులు ఇవ్వండి. నా కళ్లలోకి చూడు అని గడ్డం పట్టి తిప్పకండి. కొందరు పక్కకు చూస్తూనే చక్కగా వింటారు. హాని లేని ఊగడాన్ని, వేళ్లు ఆడించడాన్ని ఆపవద్దు. అలసినప్పుడు వెళ్లి కూర్చోవడానికి ఒక ప్రశాంతమైన మూల ఏర్పరచండి. దానిని శిక్షగా మాత్రం వాడకండి. బిడ్డ కూలిపోయిన క్షణంలో తక్కిన పిల్లలను దూరం జరపండి, తక్కువ మాట్లాడండి, దగ్గర ఉండండి. ఉపదేశం తరువాత.

చట్టమూ ఇటే నిలిచింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. వాటిలో ఆటిజం, మేధోవైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ప్రభుత్వం నడిపే, సహాయం చేసే, గుర్తించే విద్యాసంస్థలు ఇట్టి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. అర్హులకు పరీక్షలలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఇవి దయాభిక్షలు కావు. అడిగి పొందదగిన హక్కులు.

తల్లిదండ్రులారా, అమ్మలారా, ముఖ్యంగా మీతో ఒక మాట. బిడ్డ ఇలా ఉండడానికి మీ పెంపకం కారణం కాదు. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని గత శతాబ్దంలో కొందరు వైద్యులు కూడ పొరపడ్డారు. తానే ఆటిస్టిక్ కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో దానిని ఖండిస్తూ గ్రంథం వ్రాశారు; శాస్త్రలోకం ఆ పాత వాదాన్ని విడిచిపెట్టింది. చుట్టాలు, ఇరుగుపొరుగు ‘ఏ జన్మ పాపమో’ అన్నప్పుడు ఆ మాటను బిడ్డ చెవిన పడనీయకండి.

మాట రాలేదని ఇక్కడికి తీసుకొని వచ్చేవారున్నారు. అమ్మవారి పసుపు ప్రసాదాన్ని భక్తితో స్వీకరించండి. దానితో పాటు బిడ్డ వినికిడిని తప్పక పరీక్ష చేయించండి. మండలాలలో సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో నడిచే భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన వారు అక్కడ ఉంటారు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 ఏండ్ల వరకు పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేస్తారు. అంగన్‌వాడీలో, బడిలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ మేధోవైకల్యం ఉన్నవారికి పరీక్షలు, శిక్షణ, తల్లిదండ్రులకు సలహాలు అందిస్తున్నది. ‘మా తరువాత వీనికి ఎవరు’ అనే దిగులు ఏ రాత్రీ మిమ్మల్ని నిద్రపోనివ్వదని తెలుసు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహువైకల్యం ఉన్నవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం 18 ఏండ్లు నిండిన వారికి చట్టబద్ధ సంరక్షకుని నియమించే ఏర్పాటు చేసింది. దానికి జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీని ఆశ్రయించాలి. ఆ ట్రస్టు నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది.

దాతలకు ఒక విన్నపం. విద్యాదేవత సన్నిధిలో మీరు చేసే అన్నదానం, వస్త్రదానం శ్లాఘనీయాలు. మీ ఊరి బడికి ఒకసారి వెళ్లి, ‘ఇక్కడ కలతపడే బిడ్డ కూర్చోవడానికి చోటున్నదా’ అని అడగండి. బొమ్మల కార్డులకు, ఒక చిన్న గదికి, భవిత కేంద్రానికి రాలేని బిడ్డ ఆటో ఛార్జీకి పెద్ద ధనం అక్కరలేదు. పలక, బలపం దానం చేయడం ఈ క్షేత్ర సంప్రదాయమైతే, పలక పట్టలేని బిడ్డకు చేయూత ఇవ్వడం దానికి కొనసాగింపు.

యాత్రికులందరికీ చివరి మాట. దర్శనం వరుసలో ఒక బిడ్డ అరుస్తూ నేలపై పడితే, తల్లి ముఖం ఎర్రబారితే, తేరిపార చూడకండి, సలహాలు చెప్పకండి. ‘అమ్మా, మీరు ముందు వెళ్లండి’ అని దారి ఇవ్వండి. ఆ తల్లి ఆ దినం గర్భగుడి వరకు వెళ్లగలిగితే, మీ దర్శనం కొన్ని నిమిషాలు ఆలస్యమైనా అమ్మవారి లెక్కలో అది ముందే జరిగినట్లు.

నోరు తెరచి పలికేవారికి, పలుకలేనివారికి, చేతులతో చెప్పేవారికి, మౌనంగా చూచేవారికి కూడ ఆ జ్ఞాన సరస్వతి తల్లియే. అందరు బిడ్డలూ భయం లేక బడికి వెళ్లి, నవ్వుతూ ఇంటికి చేరుదురు గాక. స్వస్తి.